బ్యాకప్, బ్యాకౌట్, మధ్యలో వెయ్యేళ్ళ చరిత్ర

ఉద్యోగంలో చేరిన కొత్తలో సంగతి. శనివారం రాత్రి రిలీజు. ఫోన్లో అవతల క్లయింటు తరఫు పెద్దాయన, ఇవతల హైదరాబాదులో నేనొక్కణ్ణే. మేం మార్చిన ప్రోగ్రాము ఎక్కడో తేడా కొడుతోంది. ఎక్కడన్నది అంతుపట్టడం లేదు. ఆయన ఓపిగ్గా విని, "రెండింటికల్లా తేలకపోతే బ్యాక్ ఇట్ అవుట్" అన్నాడు. లైను గరగరలాడుతోంది. నాకు తెలిసిన మాట బ్యాకప్ ఒక్కటే కాబట్టి నా చెవికి అదే వినపడింది. రెండు దాటింది. శ్రద్ధగా బ్యాకప్ తీశాను. జాగ్రత్త ఎక్కువ కదా, రెండు చోట్ల దాచాను. "డన్" అని మెయిలు కొట్టి ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

ఆయన చెప్పింది ఆ మార్పుని వెనక్కి తీసెయ్యమని. నేను చేసింది ఆ తప్పుల మార్పుని పదిలంగా రెండు కాపీలు దాచిపెట్టడం :)

ఆదివారమంతా ఒక్కో ఇన్వాయిసు రెండేసి సార్లు ప్రింటయింది. సోమవారం పొద్దున ఏమైందో చెప్పక్కర్లేదు. ఆ ఏడాది అప్రైజల్లో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని ఒక్క వాక్యం రాశారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడికి ఆ వాక్యం "నీకు ఇంగ్లీషు రాదు" అన్నట్టే వినిపిస్తుంది. చాలాకాలం నేను కూడా అలాగే అనుకున్నాను.

నిజానికి బ్యాక్ తెలుసు, అవుట్ తెలుసు, అప్ తెలుసు. అన్నీ ఒకటో తరగతి మాటలే. రెండు తెలిసిన మాటలు కలిస్తే తెలియని మాట ఎలా అవుతుంది? పుట్ అంటే పెట్టడం. మరి పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం, పుట్ అవుట్ అంటే ఆర్పడం, పుట్ డౌన్ అంటే ఒకణ్ణి తక్కువ చేసి మాట్లాడటం కూడా, పుట్ అప్ విత్ అంటే భరించడం. వీటిలో పెట్టడం ఎక్కడుంది? బళ్ళో మాస్టారు ఇలాంటివి ఒక నలభై బోర్డు మీద రాసి బట్టీ పట్టమన్నారు. "ఎందుకలా సార్?" అని అడిగితే "అదంతే, ఇడియం" అన్నారు. ఆ "అదంతే" వెనక ఏముందో తెలుసుకోవాలనే పంతం ఆ అప్రైజల్ తర్వాత పట్టుకుంది. ఖాళీ దొరికినప్పుడల్లా చదివితే తేలిందేమిటంటే, ఇది తర్కం కాదు, చరిత్ర. దండయాత్రలూ, వలసలూ, దొరల భాషా, కూలీల భాషా అన్నీ ఉన్న చరిత్ర.

మొదట్నించీ వద్దాం. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఈ చిన్న మాటలు ఎక్కువగా క్రియకి ముందు అతుక్కుని ఉండేవి. బయటికి వెళ్ళడం ఊట్‌గాన్. ఊట్ అంటే అవుట్, గాన్ అంటే గో. ఇప్పుడు గో అవుట్ అంటున్నాం, అప్పుడు అవుట్‌గో అన్నారన్నమాట. ఆ కాలం నాటి ముక్కలు ఇప్పటికీ మన నోళ్ళలో తిరుగుతున్నాయి. విత్‌స్టాండ్ అంటే తట్టుకుని నిలబడటం. విత్ అంటే "తో" కదా, తోడుగా నిలబడటం అవ్వాలి కదా? కాదు. ఆ రోజుల్లో విత్ అంటే "ఎదురుగా, వ్యతిరేకంగా". అందుకే ఎదురు నిలవడం. ఫర్గివ్, ఫర్గెట్, ఫర్బిడ్... ఈ మొదట్లో ఉన్నది మనకి తెలిసిన "ఫర్" ప్రిపొజిషన్ కాదు, ఇంకో పాత ఉపసర్గ. అండర్‌స్టాండ్‌లో అండర్ కూడా "కింద" కాదనీ, "మధ్య" అనే పాత అర్థమనీ చాలామంది పండితుల అభిప్రాయం. కింద నిలబడితే అర్థమవ్వడమేమిటని చిన్నప్పుడు తల బద్దలుకొట్టుకున్నవాళ్ళకి ఇది కొంత ఊరట.

జర్మనీలో పనిచేసి వచ్చినవాళ్ళకి ఇదంతా పరిచితమే. ఇంగ్లీషుకి జర్మన్ దగ్గరి చుట్టం. అక్కడ గివ్ అప్‌కి సమానమైన మాట ఆవుఫ్‌గేబెన్. "అప్" ముందూ "గివ్" వెనకా. కానీ మామూలు వాక్యంలో వాడేసరికి ఆ ముందు ముక్క విడిపోయి వాక్యం చివరికెళ్ళి కూర్చుంటుంది. ఇంగ్లీషు మొదట్లో ఆ ఇంట్లోదే. ఈ చిన్న మాటలు విడిగా, వెనక రావడం పాత ఇంగ్లీషులోనూ అక్కడక్కడా ఉంది. అయితే అది పద్ధతిగా స్థిరపడటం తర్వాతి కథ.

ఆ కథలో వైకింగులొస్తారు. 793లో లిండిస్ఫార్న్ మఠాన్ని దోచుకోవడంతో వీళ్ళ దాడులు పేరుకెక్కాయి. దోచుకుని పోయినవాళ్ళు కొన్నాళ్ళకి భూములు పట్టుకుని స్థిరపడ్డారు. 878లో ఆల్ఫ్రెడ్ రాజు వాళ్ళని ఎడింగ్టన్ దగ్గర ఓడించాక కూడా, ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాలు వాళ్ళ చేతిలోనే ఉండిపోయాయి. ఆ ప్రాంతాన్నే డేన్‌లా అంటారు. 1016 నుంచి 1035 దాకా డెన్మార్క్ వంశం వాడు క్నూట్ ఇంగ్లండుకే రాజయ్యాడు.

వాళ్ళ నార్స్ భాషా, వీళ్ళ పాత ఇంగ్లీషూ దగ్గరి చుట్టాలే. మాటల మొదళ్ళు ఇంచుమించు ఒకటే, చివర్లు వేరు. ఊరి సంతలో ఎద్దుని బేరమాడేటప్పుడు ఇద్దరికీ వ్యాకరణం అక్కర్లేదు, పని జరిగితే చాలు. ఇరుగుపొరుగుగా బతికారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఇంగ్లీషులో ఈనాడు అందరూ వాడే టేక్, కాల్, కాస్ట్ నార్స్ మాటలే. గెట్ కూడా అటునుంచి వచ్చిందే. చివరికి దే, దెమ్, దెయిర్ కూడా! సర్వనామాలు అరువు తెచ్చుకోవడమంటే ఎంతగా కలిసిపోయారో ఊహించండి. ఇక్కడ మనక్కావలసిన సంగతేమిటంటే, నార్స్ భాషలో క్రియల ముందుండే ఉపసర్గలు అప్పటికే చాలావరకు అరిగిపోయాయి. వాళ్ళు అప్, అవుట్ లాంటి మాటల్ని క్రియ తర్వాతే పెట్టేవారు. ఇంగ్లీషు వాళ్ళు కూడా ఆ దారి పట్టడంలో నార్స్ పాత్ర ఎంత, ఇంగ్లీషులో వాక్యక్రమం తనంతట తాను మారడం పాత్ర ఎంత అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రెండూ కలిశాయన్నది నాకు సబబుగా తోస్తుంది.

దీనికో మంచి సాక్ష్యం ఉంది. డేన్‌లా ప్రాంతంలోని పీటర్‌బరో మఠంలో సన్యాసులు ఏడాదివారీగా చరిత్ర రాసుకునేవారు, 1154 దాకా. మన ఊరి కైఫీయతుల్లాంటివి అనుకోండి. అందులో 1132 నాటి సంగతి ఒకటి: హెన్రీ రాజు ఆ మఠాధిపతి చేత పదవి వదిలించి దేశం నుంచి పంపించేశాడు. ఆ "పదవి వదులుకోవడం" అన్నచోట వాళ్ళు వాడింది గివ్ అప్! స్పెల్లింగు వేరేగానీ మాట అదే. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక పెద్దమనిషి చేత బలవంతంగా రాజీనామా చేయించినప్పుడు వాడిన మాటని, ఇవాళ మనం సిగరెట్లు మానెయ్యడానికి వాడుతున్నాం.

ఇక 1066. నార్మన్లు వచ్చారు. కోర్టు, కోట, కచేరీ అన్నీ ఫ్రెంచి అయిపోయాయి, చదువేమో లాటిన్‌లో. ఇంగ్లీషు పొలంలోనూ, వంటింట్లోనూ మిగిలింది. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం రావడానికి 1362 దాకా పట్టింది. ఈ మూడొందల ఏళ్ళలో రెండు పనులు జరిగాయి. ఒకటి, పాత ఉపసర్గ క్రియలు బోలెడు చచ్చిపోయాయి, వాటి స్థానంలో ఫ్రెంచి, లాటిన్ మాటలొచ్చాయి. రెండు, జనం నోట్లో మాత్రం గో, కమ్, పుట్, టేక్, గెట్ లాంటి పొట్టి క్రియలకి తోకలు తగిలించుకుని కొత్త మాటలు పుట్టించుకోవడం జోరందుకుంది. అందుకే ఇంగ్లీషులో ఒకే పనికి రెండేసి మాటలు. కచేరీ మాట పోస్ట్‌పోన్, ఇంటి మాట పుట్ ఆఫ్. కచేరీలో ఎక్స్‌టింగ్విష్, ఇంట్లో పుట్ అవుట్. కచేరీలో ఇన్వెస్టిగేట్, ఇంట్లో లుక్ ఇంటూ. కచేరీలో టాలరేట్, ఇంట్లో పుట్ అప్ విత్.

ఇక్కడే నాకు దీపం వెలిగింది. మనకి ఇంగ్లీషు ఏ గుమ్మంలోంచి వచ్చింది? కచేరీ గుమ్మంలోంచి. 1835లో మెకాలే మినిట్స్ రాసిన దగ్గర్నుంచీ మనం ఇంగ్లీషు నేర్చుకున్నది పుస్తకంలోంచీ, ఆఫీసు కాగితాల్లోంచీ. ఇంగ్లీషు వాడి వంటింట్లోకి మనం ఎప్పుడూ వెళ్ళలేదు. అందుకే మనకి పోస్ట్‌పోన్ సులువు, దాన్నుంచి ప్రీపోన్ కూడా పుట్టించేశాం. పుట్ ఆఫ్ దగ్గర తడబడతాం. అమెరికాలో ఐదేళ్ళ పిల్లాడి సంగతి సరిగ్గా తిరగేసి. వాడికి పుట్ ఆఫ్ తెలుసు, పోస్ట్‌పోన్ తెలియదు. అంటే నాకు ఇంగ్లీషు రాకపోవడం కాదు, సగం ఇల్లే చూశానన్నమాట.

ఇంతకీ ఈ తోకలు అర్థాన్ని ఎలా మారుస్తాయి? కొన్నిట్లో దారి కనిపిస్తుంది. కుండలో నీళ్ళు పోస్తే మట్టం పైకొస్తుంది, పైకొచ్చి నిండిపోతుంది. ఫిల్ అప్. అలా "పైకి" కాస్తా "పూర్తిగా" అయింది. ఈట్ అప్, యూజ్ అప్ అన్నీ ఆ పూర్తి చేసే అప్పే. అవుట్ అంటే చీకట్లోంచి బయటికి, ఫైండ్ అవుట్. ఆఫ్ అంటే తెగిపోవడం, కట్ ఆఫ్ నుంచి కాల్ ఆఫ్ దాకా. కానీ వాడుకలో అరిగి అరిగి కొన్నిట్లో దారి పూర్తిగా చెరిగిపోయింది. అక్కడ రెండు మాటలు కాదు, మధ్యలో ఖాళీ ఉన్న ఒకే మాట అనుకోవాలి.

ఇది వాళ్ళ పిచ్చి మాత్రమే అనుకుంటే పొరపాటు. మనం చేసేదేమిటి? చూడు అంటే సీ. చూసుకో అంటే లుక్ ఆఫ్టర్. "పిల్లల్ని చూసుకో" అంటే ప్రేమ, "వాడి సంగతి చూసుకుంటా" అంటే బెదిరింపు! తినడం వేరు, తినెయ్యడం వేరు. ఆ "ఎయ్యి" అచ్చంగా ఈట్ అప్‌లోని అప్ చేసే పనే చేస్తోంది. చేతులెత్తితే నమస్కారం, చేతులెత్తేస్తే గివ్ అప్. పాపం, తెలుగు నేర్చుకునే విదేశీయుడు నిద్రపో అంటే నిద్ర ఎక్కడికి పోవాలని వెతుక్కుంటాడో! ఇంగ్లీషు తన క్రియ వెనక దిక్కు చెప్పే మాట తగిలిస్తుంది, మనం ఇంకో క్రియ తగిలిస్తాం. అంతే తేడా.

సంస్కృతం సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం. హారం అదే, ముందున్న ముక్క మారగానే అన్నం కాస్తా షికారు అవుతుంది, షికారు కాస్తా చావు అవుతుంది, దానికి నష్టపరిహారం కూడా అక్కడే దొరుకుతుంది :) ఇవి క్రియకి ముందు అతుక్కునే ఉంటాయని మనకి చెప్పారు. కానీ వేదభాషలో ఈ ఉపసర్గలు విడిగా తిరిగేవి. క్రియకి దూరంగానూ ఉండొచ్చు, తర్వాత కూడా రావొచ్చు. పాణిని ఈ వెసులుబాటు వేదానికి మాత్రమే అని ప్రత్యేకంగా సూత్రాలు రాశాడు. తర్వాతి సంస్కృతంలో అవి క్రియకి ముందు గట్టిగా అతుక్కుపోయాయి. ఇంగ్లీషులో సరిగ్గా ఎదురు ప్రయాణం. మొదట అతుక్కున్నవి తర్వాత విడిపోయి వెనక్కి నడిచాయి. మూలం చూస్తే రెండు భాషలూ ఒకే కుటుంబం. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు చెరో దిక్కుకీ పోయినట్టు లేదూ?

వాళ్ళలో వాళ్ళకే ఇది మింగుడుపడలేదు. లాటిన్ చదువుకున్న పెద్దలకి వాక్యం చివర వేలాడే ఈ చిన్న మాటలు మోటుగా కనిపించాయి. 1672లో డ్రైడన్ అనే కవి, బెన్ జాన్సన్ రాతల్లో వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండటాన్ని తప్పుపట్టాడు. అంతటితో ఆగలేదు. తన పాత పుస్తకాన్ని 1684లో మళ్ళీ అచ్చువేసేటప్పుడు తన వాక్యాల్ని కూడా వెతికి వెతికి దిద్దుకున్నాడు. ఆయనకి అంత అవస్థ ఎందుకొచ్చిందంటే, లాటిన్‌లో అలా కుదరదు కాబట్టి ఇంగ్లీషులోనూ కూడదని. మన దగ్గర వ్యావహారికాన్ని గ్రామ్యం అన్న గొడవ గుర్తొస్తే నా తప్పు కాదు.

1755లో నిఘంటువు చేసిన శామ్యూల్ జాన్సన్ మాత్రం పని తెలిసినవాడు. క్రియకి చిన్న మాట చేరితే పుట్టే ఈ కొత్త అర్థాలే విదేశీయులకి మా భాషలో అన్నిటికన్నా కష్టమైన భాగం అని పీఠికలోనే ఒప్పుకుని, వాటిని ఓపిగ్గా ఏరి పెట్టాడు. ఒక్క టేక్ కిందే వందకు పైగా అర్థాలు లెక్కపెట్టాడు. ఆ వాక్యం సారాంశం చదివిన రోజు నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. రెండున్నర శతాబ్దాల కిందట ఇంగ్లీషు నిఘంటువు రాసిన మహానుభావుడే "ఇది బయటివాళ్ళకి కష్టం" అని రాసిచ్చాడు, మరి నా అప్రైజల్ సంగతేమిటి? వీటికి ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు అచ్చులోకి వచ్చిందే 1925లో, లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు.

ఆ తర్వాత ఒక తమాషా జరిగింది. 1930లో ఆగ్డెన్ అనే ఆయన ప్రపంచమంతా సులువుగా నేర్చుకోవడానికని బేసిక్ ఇంగ్లీష్ తయారుచేశాడు. మొత్తం 850 మాటలు, అందులో క్రియలు పద్దెనిమిదే. కమ్, గెట్, గివ్, గో, పుట్, టేక్ వగైరా. 1943లో హార్వర్డ్‌లో మాట్లాడుతూ చర్చిల్ కూడా దీన్ని మెచ్చుకున్నాడు. కానీ పద్దెనిమిది క్రియలతో లోకంలోని పనులన్నీ చెప్పడమెలా? తోకలు తగిలించి! సరెండర్ అనే మాట లేదు, గివ్ అప్ అనాలి. మాటల లెక్క తగ్గింది, బట్టీ పట్టాల్సిన అర్థాల లెక్క తగ్గలేదు. మన భాషలో చెప్పాలంటే, ఏపీఐలో ఫంక్షన్లు తగ్గించి ఒక్కోదానికి యాభై ఆప్షన్లు పెట్టినట్టు. మాన్యువల్ మటుకు అంతే లావు.

మన వృత్తి కూడా ఈ వంటింటి ఇంగ్లీషు మీదే బతుకుతోంది. పూర్వం ఓడ వేగం కొలవడానికి తాడు కట్టిన కర్రముక్క నీళ్ళలోకి విసిరేవారు. ఆ కర్రముక్క లాగ్. ఆ లెక్కలు రాసుకునే పుస్తకం లాగ్‌బుక్. దాన్నుంచి పేరు నమోదు చేసుకోవడం వచ్చింది. 1960ల్లో ఎమ్మైటీ వాళ్ళ టైమ్‌షేరింగ్ సిస్టంలో లాగిన్, లాగౌట్ అనేవి కమాండ్లు. సెటప్, బ్యాకప్, చెకిన్, రోల్‌బ్యాక్, షట్‌డౌన్... అన్నీ తోక ఉన్న క్రియలే. రెండు మాటలుగా విడదీసి రాస్తే క్రియ, అతికిస్తే నామవాచకం. పలికేటప్పుడు ఊనిక కూడా మారుతుంది. నామవాచకమైతే మొదటి ముక్క మీద, క్రియైతే తోక మీద. ఆ రాత్రి నేను తోక మీద ఊనిక విని ఉంటే అవుట్ అన్నాడో అప్ అన్నాడో తెలిసేది. క్రియ మీదే చెవిపెట్టాను, అర్థమంతా తోకలో ఉంది.

మనం కూడా ఊరుకోలేదనుకోండి. కోప్ విత్ అంటే చాలు, కీప్ అప్ విత్ చూసి కాబోలు కోప్ అప్ విత్ చేశాం. డిస్కస్‌కి అబౌట్ తగిలించాం. ఫలానా ఏడాది కాలేజీలో పాసౌట్ అయ్యానంటాం. బ్రిటిష్ సైనిక అకాడమీల్లో శిక్షణ పూర్తయి బయటికొచ్చేటప్పుడు వాడే మాట అది, తప్పేమీ కాదు. కానీ అమెరికా వాడికి పాసౌట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. నాలుగేళ్ళ ఇంజనీరింగు తర్వాత అదీ నిజమే కావచ్చు.

కాబట్టి కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పేది ఇది. పుట్ ఒక చోట, ఆఫ్ ఒక చోట పెట్టి కూడొద్దు. మొత్తాన్ని ఒకే మాటగా, ఒక సందర్భంతో పాటు గుర్తుపెట్టుకోండి. ఫోన్లో అనుమానమొస్తే సిగ్గుపడకుండా "అంటే పాత వర్షన్ మళ్ళీ పెట్టమనేనా?" అని అడగండి. సిగ్గు ఖరీదు ఒక ఆదివారం ఇన్వాయిసులన్నీ రెండేసి.

ఆ సంఘటన తర్వాత మా టీములో ఒక నియమం పెట్టుకున్నాం. ముఖ్యమైన చోట్ల బ్యాక్ అవుట్ అనొద్దు, శుభ్రంగా ఒకే ఒక్క లాటిన్ మాట వాడదాం: రివర్ట్. ఇంక ఏ గందరగోళం ఉండదనుకున్నాం. ఒక రాత్రి అవతలి నుంచి "ప్లీజ్ రివర్ట్" అని మెయిలొచ్చింది. మా కుర్రాడు పాత వర్షన్ జోలికి పోకుండా, మర్యాదగా, వివరంగా జవాబు రాసి పంపాడు. మన ఆఫీసుల్లో రివర్ట్ అంటే జవాబివ్వడమే కదా!